దాణా తొట్టి ఎత్తు ఎవరి బాధ్యత?

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో కోళ్ల షెడ్డులోని దాణా తొట్ల గురించి వ్యాసమేమిటని సోదర సభ్యులు ఆశ్చర్యపడవచ్చు. కరువు భత్యం, వేతన సవరణ, పాత పెన్షన్ పునరుద్ధరణ వంటి సమస్యలు ఎదురుగా వుండగా కోళ్ల మేత మీద ఇన్ని పుటలు అవసరమా అని అడిగేవారూ వుంటారు. అవసరమేనని నా అభిప్రాయం. మనలో ఎందరి కష్టార్జితం ఆ తొట్ల పాలవుతున్నదో, ఆ తొట్ల దగ్గర ఎవరి చేతులు నలుగుతున్నాయో కళ్లారా చూసినవాడిని కనుక ఈ మాట అంటున్నాను.

మొదట తపాలా సోదరుల సంగతి. గ్రామీణ డాక్ సేవకులు పూర్తికాలపు ఉద్యోగులు కారనీ, శాఖ ఇచ్చే భత్యం కాక కుటుంబ పోషణకు వారికి మరొక ఆదాయ మార్గం వుండి తీరాలనీ 2011 నాటి నియమావళి విధించింది. అంటే చాలినంత జీతం ఇవ్వం, మిగతాది మీరే వెతుక్కోండి అని శాఖే కాగితం మీద రాసి చెప్పిందన్నమాట. ఆ న్యాయాన్యాయాల చర్చ ఈ పత్రికలో చాలాసార్లు జరిగింది. ఇక్కడ చెప్పవలసింది ఒక్కటే. ఆ ‘మరొక ఆదాయ మార్గం’ తెలుగు జిల్లాలలో అనేక చోట్ల కోళ్ల షెడ్డు రూపం ధరించింది. ఇక రైల్వేవారి విషయం. సర్వీసులో వుండగా అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయరాదని 1966 నాటి ప్రవర్తనా నియమాలు శాసిస్తున్నాయి. కాబట్టి మనవారు ఆ ముచ్చట పదవీ విరమణ తర్వాత తీర్చుకుంటారు. గ్రాట్యుటీ, భవిష్యనిధి చేతికి రాగానే ఊళ్లోని ఎకరం పొలంలో షెడ్డు వేస్తారు. క్యారేజీ, వ్యాగన్ విభాగంలో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా పనిచేసిన నేనూ అదే చేశాను. మా బావమరిదితో కలిసి, అతని పొలంలో, పదివేల కోళ్లకు.

బ్రాయిలర్ పెంపకంలో ఇప్పుడు సాధారణంగా నడుస్తున్నది ఒప్పంద విధానం. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, కూలి రైతువి. కోళ్లను తూకం వేసి ఎత్తుకుపోయాక కిలోకు ఇంత అని పెంపకపు ఛార్జీ చెల్లిస్తారు. ఆ ‘ఇంత’ ఎంతో నిర్ణయించే అంకె ఒకటుంది. కిలో కోడి బరువుకు ఎన్ని కిలోల దాణా ఖర్చయిందన్న నిష్పత్తి అది. ఎఫ్.సి.ఆర్. అని అందరూ పిలిచేది దానినే. అది పెరిగితే ఛార్జీ తగ్గుతుంది. షెడ్డులోకి వచ్చిన బస్తాలను లెక్కిస్తారే గాని కోడి కడుపులోకి పోయినదెంతో, కాళ్ల కింద ఊకలో కలిసిపోయినదెంతో ఎవరూ లెక్కించరు. రెండూ రైతు ఖాతాలోనే పడతాయి.

కోళ్ల పెంపకంలో మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతుల వరకు దాణాకే పోతుంది. పదివేల కోళ్లు తలా రెండు కిలోలు తూగే నాటికి, నిష్పత్తి 1.6 అనుకుంటే, తినేది 32 టన్నులు. అందుకు తోడు నూటికి అయిదు పాళ్లు నేలపాలయితే 1,600 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు ముప్పై రెండు. నిష్పత్తి 1.60 నుంచి 1.68కి ఎగబాకుతుంది. కంపెనీ పంపే లెక్కల కాగితంలో ఆ రెండో దశాంశ స్థానం దగ్గరే రైతు లాభనష్టాలు తేలిపోతాయి. కాగితం చివర ‘నిర్వహణ లోపం’ అని ఒక ముక్క వుంటుంది. దానిని చదివిన రైతు నేరుగా షెడ్డులోకి వెళ్లి కూలివాడిని తిడతాడు. నేనూ తిట్టాను.

ఆ నిర్వహణ అనేది ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. చేతితో దాణా పోసే షెడ్డులో పైకప్పు నుంచి తాళ్లతో వేలాడదీసిన గొట్టపు తొట్లు వుంటాయి. గొట్టంలో పోసిన దాణా కింది పళ్లెంలోకి దిగుతుంది. పళ్లెం అంచు నిలుచున్న కోడి వీపుకు సమంగా వుండాలన్నది సూత్రం. అంతకంటె కిందికి వుంటే కోడి పళ్లెంలోకి ఎక్కి కాళ్లతో గీరుతుంది, ముక్కుతో పక్కకు తోసి ఏరుకుంటుంది, రెట్ట వేస్తుంది. పైకి వుంటే చిన్న కోళ్లకు అందదు. అవి వెనుకబడి, మందలో హెచ్చుతగ్గులు పెరుగుతాయి. నలభై గ్రాముల పిల్ల అయిదారు వారాలలో రెండు కిలోలవుతుంది గనుక ఆ వీపు ఎత్తు రెండు రోజులు ఒకచోట నిలవదు. వారానికి రెండుసార్లయినా తాళ్లు సవరించక తప్పదు. ఊక కూడా అన్ని చోట్లా ఒకే మందాన వుండదు. నేల నుంచి కొలిచి అన్ని తొట్లనూ ఒకే ఎత్తున కట్టేవాడు పని తెలియనివాడు. కోడి వీపును చూసి కట్టేవాడే తెలిసినవాడు.

అయిదువేల కోళ్ల షెడ్డులో యాభై కోళ్లకు ఒకటి చొప్పున వంద తొట్లు వుంటాయి. ఒక బ్యాచ్‌లో ఒక్కొక్కదానిని పదిసార్లు సవరిస్తే వెయ్యి ముడులు విప్పి, వెయ్యి ముడులు వేయాలి. ఎండాకాలంలో మధ్యాహ్నపు వేడికి కోళ్లు చావకుండా ఆ వేళ తొట్లను పైకి లాగి, చల్లబడ్డాక దించే పని అదనం. దాణా పోయడం, నీళ్లు చూడటం, ఊక తిరగవేయడం, చచ్చినవాటిని ఏరడం అన్నీ అయ్యాక మిగిలిన వేళలో ఇదంతా జరగాలి. ‘ఒక జంట, ఒక గది, నెలకు ఇంత’ అని మాట్లాడుకున్న కూలి ఒప్పందంలో ఈ వెయ్యి ముడులకు లెక్క లేదు. మన రైల్వేలో కీమాన్ తన బీటు పొడవునా ప్రతిరోజూ నడిచి కీలు బిగించడం డ్యూటీలో భాగం. తీరిక వున్నప్పుడు చూడమని ఏ ఇంజనీరూ అనడు. అలా అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.

తొట్టిని ఎంత నింపాలన్నది మరొకటి. నిలువు తొట్టిని నిండుగా నింపితే సుమారు మూడో వంతు దాణా వృథా అవుతుందనీ, సగం నింపితే వందకు మూడు పాళ్లనీ, మూడో వంతు మట్టుకే నింపితే ఒక్క పాలు మాత్రమేననీ పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. మూడో వంతు నింపాలంటే రోజుకు నాలుగైదుసార్లు బకెట్టు మోయాలి. నిండుగా పోస్తే ఒకటి రెండుసార్లతో పని తీరుతుంది. వృథా అనేది ఇక్కడ మనిషి సోమరితనమా, మనుషుల కొరతా? పదివేల కోళ్లకు ఒక్క జంటను పెట్టి, పనివాడు తొట్టి నిండా పోస్తున్నాడని వాపోయే యజమాని ఏ లెక్క ప్రకారం వాపోతున్నాడు?

అన్నీ కూలివారి మీదే జరుగుతున్న అన్యాయాలని నేననడం లేదు. పళ్లేలు పగిలినా చెప్పకుండా వదిలేసేవారు, గొట్టానికీ పళ్లేనికీ మధ్య సందును పిల్లల వయసులో పెట్టినచోటే చివరి దాకా వుంచేవారు వున్నారు. చెప్పి చేయించుకోవలసిందే. కాని కంపెనీ పంపే గుళికల దాణా బస్తా విప్పితే అడుగున పిండి పిండిగా దుమ్ము వుంటున్నదే, దానికి బాధ్యులెవరు? కోడి గుళికను ఏరుకుని పిండిని పళ్లెంలో వదిలేస్తుంది. ఆ పిండి గొట్టంలో గూడు కట్టి దాణాను దిగనివ్వదు. అప్పుడు కూలివాడు గొట్టాన్ని ఊపుతాడు, సగం కింద ఒలుకుతుంది. మిల్లులో జరిగిన లోపం షెడ్డులో ‘నిర్వహణ లోపం’గా మారిపోతుంది. బస్తాలు దింపేటప్పుడు ఒకటి రెండింటిని జల్లెడ పట్టి పిండి ఎంతో ఇరుపక్షాల సంతకాలతో రాసుకోవాలని ఒప్పందంలో ఎందుకు వుండకూడదు? పార్శిలు తూకం వేయకుండా, దెబ్బతిన్న పెట్టెను గుర్తించకుండా స్వీకరించే గుమాస్తా మన శాఖలలో వుంటే నష్టం ఎవరి జీతంలోంచి పోతుందో మనకు తెలియనిదా?

పార్శిలు అంటే గుర్తుకొచ్చింది. అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒకరోజు కోడిపిల్లలను టపాలో స్వీకరిస్తోంది. పొదిగిన పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి వుండటం చేత రెండు మూడు రోజులు మేత లేకున్నా బతుకుతుంది. మన తపాలా సోదరులకు ఆ చాకిరీ తప్పినందుకు సంతోషించాలి. అయితే బతకడం వేరు, పెరగడం వేరు. పిల్లలు దిగిన గంటనుంచే కాగితాలు పరిచి దాణా చల్లి అలవాటు చేసినవాడి బ్యాచ్‌కూ, రేపు చూద్దామన్నవాడి బ్యాచ్‌కూ తేడా మొదటి వారం తూకంలోనే కనిపిస్తుంది.

గుడ్ల కోళ్ల షెడ్లలో కథ వేరు. 2022-23లో దేశంలో ఉత్పత్తి అయిన 13,838 కోట్ల గుడ్లలో దాదాపు అయిదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే. పంజరాల ముందు రేకు కాలువలు వందల అడుగుల పొడవున సాగుతాయి. కోడికి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా కావాలి. పదివేల కోళ్లకు పదకొండు వందల కిలోలు. ఆ కాలువ అతుకుల దగ్గర కారితే కింద చిన్న గుట్ట కనిపిస్తుంది, ఆ అతుకును వెంటనే సరిచేయవచ్చు. కనిపించని ప్రమాదం మరొకటుంది. పైన నీటి గొట్టంలోని నిపుల్ కారి కాలువలో చుక్కచుక్కగా పడితే దాణా తడిసి, ముద్దకట్టి, బూజు పడుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే కారణం వెతుకుతూ పోయినవారికి వేరుశనగ పిండి మీది బూజు దొరికింది. అఫ్లటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది అలాగే. కాలువ అడుగున రోజుల తరబడి మిగిలిపోయే పాత దాణాను రోజుకొకసారి పూర్తిగా తిననివ్వడం, మూలలు గీకి తీయడం, బ్యాచ్ మారినప్పుడు పొడిగా బ్రష్ కొట్టి, కడిగి, బాగా ఆరనిచ్చాకే కొత్త దాణా పోయడం ఇందుకే. తడి ఆరని డబ్బాలో దాణా పోసి గడ్డకట్టించిన షెడ్లు నేను చూశాను. తుప్పుపట్టిన రేకు అంచు కోళ్ల తురాయిలను కోస్తుంది, శుభ్రం చేసే మనిషి వేళ్లనూ కోస్తుంది.

ఇప్పుడు యంత్రాల సంగతికి వస్తాను. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా షెడ్డు 330 అడుగుల పొడవు. పొడవునా రెండు గొట్టపు లైన్లు. గొట్టంలో ఉక్కు చుట్ట తిరుగుతూ దాణాను లాక్కుపోతుంది. దారిలోని పళ్లేలన్నీ వరసగా నిండుతాయి. దాణా పోసే డబ్బా షెడ్డుకు ఈ చివర, చుట్టను తిప్పే మోటారు ఆ చివర. మోటారు దగ్గరి ఆఖరి పళ్లెంలో ఒక స్విచ్చి వుంటుంది. ఆ పళ్లెం నిండితే మోటారు ఆగుతుంది, కోళ్లు తిని ఖాళీ చేస్తే దానంతటదే మొదలవుతుంది. ఈ ఏర్పాటు అంతా ఆ ఆఖరి పళ్లెం మీద ఆధారపడి వుంది. అక్కడ చీకటిగా వుండి కోళ్లు రాకపోతే ఆ పళ్లెం నిండుగానే వుండి, మిగిలిన వంద పళ్లేలూ ఎండిపోతాయి. అందుకే దాని పైన ఒక బల్బు వేస్తారు. స్విచ్చిలో పిండి చేరి ఇరుక్కుంటే మోటారు ఆగదు. డబ్బా ఖాళీ అయినా చుట్ట వట్టిగా తిరిగి గొట్టాన్ని లోపలి నుంచి అరగదీస్తుంది. లైనును ఎత్తే ఇనుప తాడు సాగి నడుమ భాగం కుంగితే, అక్కడి కోళ్లకు తొట్టి మోకాళ్ల దగ్గర, చివరల కోళ్లకు తలకు పైన. రోజూ ఒకసారి లైను వెంట నడిచి చూసేవాడికి ఇవన్నీ పది నిమిషాలలో దొరుకుతాయి.

గొలుసుతో దాణా నడిపే షెడ్లలో మరొక చిట్కా ప్రచారంలో వుంది. గొలుసు ఎక్కడైనా ఇరుక్కుంటే మోటారు కాలిపోకుండా ముందే తెగిపోయేందుకు ఒక బలహీనమైన పిన్ను పెడతారు. అది తెగిన ప్రతిసారీ ఎక్కడ ఇరుక్కున్నదో వెతకాలి. మూల చక్రం అరిగిందా, గొలుసు సాగి ఒక లింకు తీయవలసి వచ్చిందా చూడాలి. అది విసుగు పని. కనుక పిన్ను బదులు మేకు కొడతారు. ఫ్యూజు తీగ బదులు రాగి తీగ చుట్టినట్టు. మూడు నెలలకు ఒకసారి తెగే పిన్ను ఇక తెగదు. యజమాని సంతోషిస్తాడు. తర్వాత ఏదో ఒకనాడు మోటారో, గొలుసో, మనిషి చెయ్యో తెగుతుంది.

మా షెడ్డులో జరిగింది ఇది. ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు పనిచేసేవారు. ఒకనాటి సాయంత్రం బస్తా కుట్టిన పురికొస దాణాతో పాటు డబ్బాలో పడి, చుట్ట మొదట్లో మెలికపడింది. లైను కదలలేదు. నేను గేటు దగ్గర నిలబడి ‘తొందరగా తీయవయ్యా, కోళ్లు ఆకలిగా వున్నాయి’ అని కేకవేశాను. అప్పుడు మోటారు ఆగే వుంది. ఆఖరి పళ్లెం నిండి ఆగినది అది, మనం ఆపినది కాదు. ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు. అతను డబ్బా అడుగున చెయ్యి పెట్టాడు. 330 అడుగుల అవతల కోళ్లు పళ్లెంలో దాణా తినేశాయి. మోటారు తిరిగింది. ఆపే స్విచ్చి అవతలి చివరనే వుంది. అతని భార్య అంతదూరం పరుగెత్తి ఆపేసరికి కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోయాయి.

బండి కింద పనిచేసేటప్పుడు రేకుకు రెండు వైపులా ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం పెట్టనిదే అడుగు లోపల పెట్టనివాడిని నేను. ఆ జెండా తీసే అధికారం దానిని పెట్టినవాడికే వుంటుందని కొత్త ఖలాసీలకు పాఠం చెప్పినవాడిని. ఒకసారి జెండా వుండగా ఇంజన్ తగిలించబోయారని డిపో ఎదుట ధర్నాకు కూర్చున్నవారిలో ముందు వరుస నాది. నా సొంత షెడ్డులో డబ్బా పక్కన ఒక స్విచ్చి పెట్టించడం నాకు తోచలేదు. తోచలేదనడం కూడా సగం నిజమే. లైను బిగించినప్పుడు అదనపు తీగకు ఖర్చవుతుందని ఎలక్ట్రీషియను చెబితే, వద్దులే అన్నది నేనే.

తిరుగుతున్న యంత్రాలకు కంచె వుండాలనీ, నడిచే యంత్రాన్ని సవరించే పనిని శిక్షణ పొందినవారే చేయాలనీ 1948 ఫ్యాక్టరీల చట్టం 21, 22 సెక్షన్లలో రాసింది. ఇద్దరు మనుషులు పనిచేసే కోళ్ల షెడ్డు దాని లెక్కలో ఫ్యాక్టరీ కాదు. అదే ఏటి కనీస వేతనాల చట్టం మాత్రం కోళ్ల పెంపకాన్ని వ్యవసాయపు పనిగా గుర్తించి షెడ్యూలులో చేర్చింది. దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ వచ్చింది. చట్టాల పేర్లు మారినా, షెడ్డులో నివసించే జంటకు పని గంటలు ఎన్ని, యంత్రం చూసే పనికి నైపుణ్యపు కూలి ఎంత అని అడిగిన యజమానిని నేను ఇంతవరకు చూడలేదు. తొట్టి సవరించడం నైపుణ్యమున్న పని. మనం ఫిట్టరు పనిని నైపుణ్య శ్రేణిలో చేర్పించుకోవడానికి ఎన్ని విజ్ఞాపనలు ఇచ్చామో మరువరాదు.

కనుక మన సంఘాల వారు ఈ విషయంలో చేయదగినది కొంత వుంది. పదవీ విరమణ చేసేవారికి పెన్షన్ కాగితాల గురించి సభలు పెడుతున్నాం. ఆ సొమ్ముతో షెడ్డు వేయదలచినవారికి అదే సభలో ఒక గంట కేటాయించి, ఒప్పందంలో ఏ షరతులు అడగాలో, యంత్రానికి ఏ రక్షణలు వుండాలో చెప్పించవచ్చు. మన డిపోలలో రిటైరయిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కొదవలేదు. షెడ్లున్న గ్రామీణ డాక్ సేవకుల వద్దకు వారు బ్యాచ్‌కొకసారి వెళ్లి లైను చూసి రావచ్చు. కంపెనీలతో ఒప్పందాలలో తొట్ల స్థితిని బ్యాచ్ మొదట్లోనే ఇరువురూ చూసి రాసుకోవాలన్న షరతు కోసం రైతు సంఘాలతో కలిసి అడగవచ్చు. ఒంటరి రైతు అడిగితే తర్వాతి బ్యాచ్ పిల్లలు రావు, సంఘం అడిగితే మాట వేరు. ఇవన్నీ మన పని కాదని అనే సోదరులున్నారు. మన సభ్యుడు యజమాని స్థానంలో నిలబడినప్పుడు అతనితో ఏం మాట్లాడాలో సంఘానికి తెలియకపోతే, అతని షెడ్డులోని కూలివాడికి మనమేమవుతాం?

గాయపడిన అతనికి ఆసుపత్రి ఖర్చూ, మూడు నెలల కూలీ ఇచ్చాం. పరిహార చట్టం ప్రకారం లెక్కకట్టి ఇవ్వవలసినది ఇంకా వుందని కార్మిక న్యాయవాది అయిన ఒక పాత మిత్రుడు చెప్పాడు. బావమరిది ఒప్పుకోలేదు. నా వాటా నేను పంపాను, అతని వాటా గురించి మా ఇద్దరి మధ్య ఇంకా మాటలు నడుస్తున్నాయి. ఆ జంట తర్వాతి బ్యాచ్‌కు తిరిగి రాలేదు. ఇప్పుడు డబ్బా పక్కన స్తంభానికి ఒక స్విచ్చి వుంది. దానికి తాళం, ఆ తాళం చెవి డబ్బాలో చెయ్యి పెట్టేవాడి జేబులో. స్తంభానికి ఎర్ర గుడ్డ ఒకటి కట్టాను. తీగ, స్విచ్చి, ఎలక్ట్రీషియను కూలి కలిపి అయిన ఖర్చు నాలుగు బస్తాల దాణా ఖరీదుకు మించలేదు.